పిల్లల తప్పుల్లోంచి రేపటి పాఠం: మార్కులు, హాజరు, చదివే స్థాయి ఏది దేనికి పనికొస్తుంది?

టీచర్ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పొదిలి వైపు ఉన్నత పాఠశాలలో 6, 7 తరగతులకు లెక్కలు చెబుతున్నారు. ఎఫ్ఏ (ఫార్మెటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యమధ్యలో పెట్టే మూల్యాంకనం) మార్కులు, హాజరు, బేస్‌లైన్ స్థాయిలు (ఏడాది మొదట్లో ఎవరికి ఎంత వచ్చో చూసినవి) అన్నీ రిజిస్టర్లలో రాస్తున్నారు, ఫోనులోనూ ఎక్కిస్తున్నారు. "ఇంత సమాచారం చేతిలో ఉన్నా రేపు క్లాసులో ఏం మార్చాలో తేలడం లేదు. దీన్ని బోధనకు ఎలా వాడాలి?" అన్నది మీ ప్రశ్న. మీ బడికే కాదు, కనిగిరి నుంచి కావలి దాకా చాలా బళ్లలో పరిస్థితి ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మార్కుల మొత్తం చూసి రేపటి పాఠం ఏమిటో ఎవరూ చెప్పలేరు. 20కి 11 వచ్చిన పిల్లలు ఇద్దరున్నారనుకోండి. ఒకరికి లెక్క వచ్చు, ప్రశ్న చదివి అర్థం చేసుకోవడం రాదు. రెండోవారికి చదవడం బాగా వచ్చు, రుణ సంఖ్యల దగ్గర గుర్తులు తారుమారవుతాయి. రిజిస్టరులో ఇద్దరూ 11. చేయాల్సిన పని మాత్రం ఇద్దరికీ పూర్తిగా వేరు. ఏ ప్రశ్న దగ్గర, ఏ రకం తప్పు, ఎంతమంది చేశారన్న మూడు సంగతులు తెలిస్తేనే సమాచారం బోధనకు అక్కరకొస్తుంది. మార్కులు పై ఆఫీసుకు పంపడానికి, తప్పులు మీరు పాఠం చెప్పడానికి. ఈ రెండింటికీ వేరువేరు కాగితాలు పెట్టుకోండి.

ఎఫ్ఏ మార్కులతోనే మొదలుపెడదాం. చాలాకాలం నడిచిన సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) విభజనలో ఎఫ్ఏకి 50 మార్కులు: భాగస్వామ్యం-ప్రతిస్పందనలకు 10, రాత పనులకు 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు (స్లిప్ టెస్టు) 20. మొదటి మూడింటిలో తరగతి మొత్తానికీ దాదాపు ఒకే మార్కులు పడటం అందరికీ తెలిసిన సంగతే. ప్రాజెక్టు గైడులోంచి దిగుతుంది, రాత పనుల్లో నోట్సు పూర్తి చేశారా లేదా అన్నదే చూస్తాం. అందరికీ 26, 27 ఇచ్చేశాక మొత్తం 50 మీద పిల్లల మధ్య తేడా మాసిపోతుంది. అందుకని బోధన కోసం లఘు పరీక్ష 20 మార్కులే చూడండి, మిగతా 30 పక్కన పెట్టండి. ఆ 20 కూడా మొత్తంగా వద్దు, ప్రశ్నల వారీగా కావాలి.

అది ఎలాగో ఒక ఉదాహరణతో చెబుతాను. లెక్కలు అర్థం కావడానికి అంకెలు నేనే వేశాను. 7వ తరగతి, 28 మంది, పూర్ణసంఖ్యల మీద ఆరు ప్రశ్నల స్లిప్ టెస్టు. మొదటిది −5 + 3. రెండోది 4 − 9. మూడోది −3 − 4. నాలుగోది −6 − (−2). ఐదోది రాత లెక్క: "బోరులో నీటిమట్టం నేలకు 40 అడుగుల కింద ఉంది. వానలకు 12 అడుగులు పైకి వచ్చింది. ఇప్పుడు నీటిమట్టాన్ని పూర్ణసంఖ్యగా రాయండి, ఎలా వచ్చిందో చూపండి." ఆరోది −7, 3, −2, 0 లను ఆరోహణ క్రమంలో రాయడం.

ఒక లాంగ్ నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, ఎడమ పక్క పిల్లల పేర్లు, పైన ప్రశ్నల నంబర్లు వేయండి. జవాబు సరైతే గడిలో టిక్కు. తప్పయితే పిల్లవాడు రాసిన జవాబునే రాయండి. ఈ పద్ధతికి ప్రాణం ఇక్కడే ఉంది. సున్నా పెడితే తప్పు అని మాత్రమే తెలుస్తుంది. 7 అనో −1 అనో రాసుంటే ఆ పిల్లవాడు ఏమనుకున్నాడో తెలుస్తుంది. ఏమీ రాయకపోతే అడ్డగీత పెట్టండి. 28 పేపర్లకు చేయి తిరిగాక అరగంట, మొదట్లో ముప్పావు గంట పడుతుంది. పేపర్లు దిద్దుతూనే నింపితే ఇది అదనపు పని అనిపించదు. దిద్దేశాక మళ్లీ తీసి నింపాలంటే ఎవరికీ ఓపిక ఉండదు.

ఫలితం ఇలా వచ్చిందనుకుందాం. సరిగ్గా చేసినవాళ్లు మొదటి ప్రశ్నకు 24 మంది, రెండోదానికి 22, మూడోదానికి 11, నాలుగోదానికి 9, ఐదోదానికి 13, ఆరోదానికి 26. ఇక నిలువుగా చదవండి. సగం మందికంటే తక్కువ సరిగా చేసిన ప్రశ్న కనిపిస్తే ఆ భాగం తరగతి మొత్తానికీ మళ్లీ చెప్పాలి. మూడు నుంచి ఎనిమిది మంది దాకా తప్పితే వాళ్లను ఒక చిన్న జట్టుగా కూర్చోబెట్టాలి. ఒకరిద్దరైతే నోట్సు దిద్దేటప్పుడు పక్కన నిలబెట్టుకుని చెబితే చాలు. మూడోది, నాలుగోది, ఐదోది తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాల్సినవి అని ఇక్కడే తేలింది. ఆరోది దాదాపు అందరికీ వచ్చు, దానిమీద ఇంకో పీరియడ్ ఖర్చు పెట్టనక్కర్లేదు. సమాచారం వల్ల కలిగే మేలులో సగం ఇదే: ఏది మళ్లీ చెప్పనక్కర్లేదో తెలుస్తుంది.

తర్వాత తప్పుల్లోకి వెళ్లండి. మూడో ప్రశ్న 17 మంది తప్పారు. అందులో 12 మంది 7 అని, ముగ్గురు −1 అని రాశారు, ఇద్దరు వదిలేశారు. ఆ 12 మందీ "మైనస్, మైనస్ కలిస్తే ప్లస్" అనే గుణకారపు సూత్రాన్ని ఇక్కడికి లాక్కొచ్చారు. −1 రాసిన ముగ్గురు 4 లోంచి 3 తీసేసి గుర్తు తగిలించారు. నాలుగో ప్రశ్నకు సరైన జవాబు −4. తప్పిన 19 మందిలో 13 మంది −8 రాశారంటే బ్రాకెట్టులోని మైనస్‌ను లెక్కలోకే తీసుకోలేదన్నమాట. నలుగురు 8 రాశారు, ఇద్దరు వదిలేశారు. వీళ్లందరికీ "సరిగా చదవలేదు" అన్న ఒకే మందు వేస్తే తగ్గదు. 7 రాసినవాళ్లకు సూత్రం ఇంకోసారి చెబితే అదే సూత్రం ఇంకా గట్టిపడుతుంది. వాళ్ల చేత సంఖ్యారేఖ గీయించి, −3 దగ్గర నిలబడి ఇంకో నాలుగు అడుగులు ఎడమకు జరిపించాలి. సూత్రం మాట ఆ పీరియడ్‌లో ఎత్తకూడదు. −8 రాసినవాళ్లకు "అప్పు తీసేయడం" పనికొస్తుంది: ఆరు రూపాయల అప్పులోంచి రెండు రూపాయల అప్పు కొట్టేస్తే మిగిలేది నాలుగు రూపాయల అప్పు.

ఐదో ప్రశ్న సంగతి వేరు. తప్పిన 15 మందిలో ఆరుగురు −40 + 12 అని సరిగా రాసుకుని లెక్కలో తప్పారు. తొమ్మిది మంది అసలు రాసుకోనే లేదు. ఈ తొమ్మిది మందికి రాత పరీక్ష ఇంకేమీ చెప్పదు, నోటితో అడగాలి. ప్రశ్న మీరే చదివి వినిపించండి. ఐదుగురు టక్కున చెప్పి నలుగురు చెప్పలేకపోతే, ఆ ఐదుగురిది చదివే ఇబ్బంది, నలుగురిది లెక్క ఇబ్బంది. ఐదుగురి పేర్లు తెలుగు టీచరుకు ఇవ్వండి. ఒక సబ్జెక్టులో తేలిన సంగతి ఇంకో సబ్జెక్టు టీచరుకు చేరకపోవడం వల్ల హైస్కూళ్లలో చాలా నష్టం జరుగుతోంది. ఒకే ప్రశ్న, రెండు వేర్వేరు లోపాలు.

అదే ప్రశ్నకు కొందరు గుర్తు లేకుండా 28 అని రాస్తారు. 40 లోంచి 12 తీసేస్తే వచ్చేదే కదా. ఆ పిల్లలకు బోరు సంగతి బాగా తెలుసు, రుణ సంఖ్య అవసరమే పడలేదు. వాళ్లను "రానివాళ్ల" జాబితాలో వేయొద్దు. నేల మట్టాన్ని సున్నా అనుకుంటే కింది లోతును ఎలా రాయాలన్న ఒక్క మాటతో సరిపోతుంది.

నిలువుగా చదవడం అయ్యాక అడ్డంగా కూడా ఒకసారి చూడండి. బాగా చేసే పిల్లలే ఒక ప్రశ్న తప్పి, అంతంతమాత్రం పిల్లలు అదే ప్రశ్న సరిగా చేసుంటే ప్రశ్నలోనే లోపం ఉండొచ్చు: భాష తికమకగా ఉండటం, అచ్చు తప్పు, రెండు జవాబులకు తావుండటం. పక్కపక్కన కూర్చున్న ముగ్గురు ఒకే వింత తప్పు రాసుంటే చూసి రాశారని అర్థం. అప్పుడు ఆ ముగ్గురి గడులు లెక్కలోంచి తీసేయండి, గొడవ చేయనక్కర్లేదు. కాపీ మార్కు మీద ఆధారపడి చెప్పిన పాఠం వృథా అవుతుంది, అంతే.

ప్రశ్నలు తయారు చేసేటప్పుడే ఒక జాగ్రత్త తీసుకుంటే పట్టిక ఇంకా బాగా మాట్లాడుతుంది. ఒక్కో తప్పు అభిప్రాయానికి ఒక్కో జవాబు వచ్చేలా అంకెలు ఎంచుకోవాలి. దశాంశాలు చూడండి. 0.6, 0.45, 0.128 లలో పెద్దది ఏది అని అడిగితే 0.128 అన్నవాళ్లు చుక్క తర్వాత అంకెలను 128 అని మామూలు సంఖ్యలా చదువుతున్నారు. 0.6 అని సరైన జవాబు చెప్పినవాళ్లందరికీ వచ్చనుకుంటే మాత్రం పొరపాటు. "చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే అదే పెద్దది" అనుకునే పిల్లలు కూడా 0.6 అనే అంటారు. కాబట్టి వెంటనే 0.4, 0.45 లలో ఏది పెద్దదని అడగాలి. 0.4 అన్నారా, మొదటి ప్రశ్నకు వచ్చిన టిక్కు గాలి టిక్కు. భిన్నాల్లో 1/2 + 1/3 అడిగితే 2/5 రాయడం, రెండంకెల తీసివేతలో 52 − 27 కి 35 రాయడం (పై అంకె, కింది అంకె అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీయడం) ఇలాంటివే. 403 − 158 లాంటి లెక్క ఒకటి తప్పకుండా పెట్టండి. మధ్యలో సున్నా ఉంటే అప్పు తెచ్చుకోవడం వచ్చినవాళ్లు కూడా తడబడతారు. 58 − 23 ఇస్తే ఏ లోపమూ బయటపడదు, అందరికీ వచ్చినట్టే ఉంటుంది.

ఓఎంఆర్ పత్రం (జవాబు గడిని నింపితే యంత్రం దిద్దేది) మీద జరిగే పరీక్షల విషయంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు పది ఇస్తే, ఏమీ రాని పిల్లవాడు కళ్లు మూసుకుని గడులు నింపినా సగటున రెండు, మూడు సరిపోతాయి. కనక పదికి మూడు అంటే ముప్పై శాతం వచ్చని కాదు, బహుశా ఏమీ రాదని. ఇక్కడ సరైనవాటి లెక్కకంటే, తప్పు ఆప్షన్లలో ఎక్కువమంది ఏది ఎంచుకున్నారన్నదే విలువైన సమాచారం. తప్పులు మూడు ఆప్షన్లకూ సమానంగా పంచుకుపోతే ఊహించి పెట్టారని, ఒకే తప్పు ఆప్షన్ దగ్గర గుమిగూడితే నిజంగా అలాగే అనుకుంటున్నారని అర్థం. రెండో సందర్భంలోనే మళ్లీ చెప్పడానికి స్పష్టమైన దారి దొరుకుతుంది.

స్లిప్ టెస్టు పది పదిహేను రోజులకోసారి. రోజువారీగా దానికంటే ముందే పట్టుకునే మార్గం ఉంది. పీరియడ్ ఆఖరి ఐదు నిమిషాల్లో కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ఇచ్చి, ఆ రోజు చెప్పినదాని మీద రెండే ప్రశ్నలు వేయండి. మార్కులు వేయొద్దు, ఎర్రసిరా అసలు వాడొద్దు. స్టాఫ్‌రూములో నాలుగు కుప్పలుగా వేయండి: సరిగా చేసినవి, పద్ధతి సరే గానీ కూడికలో జారినవి, పద్ధతే తప్పినవి, ఖాళీవి. పది నిమిషాల పని. మూడో కుప్ప పెద్దగా ఉంటే మర్నాడు మొదటి పది నిమిషాలు దానికే. రెండో కుప్ప పెద్దదైతే ఎక్కాలు, కూడికల అభ్యాసం కావాలి, పాఠం కాదు. ఖాళీ కాగితాలను బద్ధకం కింద కొట్టేయకండి. ప్రశ్న చదవలేకపోవడం, సమయం చాలకపోవడం, తప్పు రాస్తే తిడతారన్న భయం, ముందురోజు బడికి రాకపోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. పేరు పట్టుకుని అడిగితేనే తెలుస్తుంది.

పీరియడ్ మధ్యలో తెలుసుకోవాలంటే పలక కంటే మంచి సాధనం లేదు. "అర్థమైందా?" అంటే ముప్పై గొంతులు "అయింది సార్" అంటాయి, అది సమాచారం కాదు. లెక్క ఇచ్చి, అందరూ రాసేదాకా పలకలు బోర్లించి ఉంచి, మీరు చెప్పగానే ఒక్కసారిగా ఎత్తమనండి. ఒకరి తర్వాత ఒకరు ఎత్తితే రెండోవాడు మొదటివాడిని చూసి దిద్దుకుంటాడు.

ఇక చదివే స్థాయి. 6వ తరగతిలో చేరినవాళ్లలో పేరా తడబడకుండా చదవలేనివాళ్లు ఉంటారు, వాళ్లకు మీరు లెక్కల్లో ఎంత చెప్పినా రాత లెక్క దగ్గర ఆగిపోతారు. ఇందుకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్లలో పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో వాడే పరీక్ష సులువైనది, ఒక్కో పిల్లవాడికి ఐదారు నిమిషాలు చాలు. మొదట పేరా ఇవ్వండి. మూడు తప్పులకు మించకుండా, మాట మాట విడదీయకుండా చదివితే కథకు వెళ్లండి. పేరా చదవలేకపోతే పదాలకు దిగండి: అయిదు పదాలు చదవమంటే నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా అయిదుకు నాలుగు. లెక్కల్లో అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేతతో మొదలు. రెండు లెక్కలూ సరిగా చేస్తే మూడంకెలను ఒక అంకెతో భాగించే లెక్కకు, లేకపోతే 11 నుంచి 99 వరకు సంఖ్యల గుర్తింపుకు, అక్కడి నుంచి 1 నుంచి 9కి. ఒంటరిగా కూర్చోబెట్టి చేయాలి, మిగతావాళ్లు వింటే నాలుగో పిల్లవాడికి పేరా కంఠస్థం అయిపోతుంది. ముప్పై మందికి ఒక్కరోజులో చేయాలని కూర్చోకండి, రోజుకు ఐదారుగురు చొప్పున వారంలో అయిపోతుంది.

చదివించేటప్పుడు రెండు రకాల తప్పులను విడివిడిగా గుర్తుపెట్టండి. "ఉన్నాడు" అని రాసి ఉంటే మన నెల్లూరు, ప్రకాశం పిల్లవాడు "ఉండాడు" అని చదవొచ్చు. వాడు వాక్యం అర్థం చేసుకుని ఇంటి మాటలో చెప్పాడు, అది చదవడం రాకపోవడం కాదు. "అమ్మ"ను "అమ" అనడం, ఒత్తు మింగేయడం, గుణింతంలో దీర్ఘం హ్రస్వం చేయడం, సంయుక్తాక్షరం దగ్గర ఆగిపోవడం మాత్రం నిజమైన చదివే లోపాలు. ఈ రెండింటినీ ఒకే గాటన కడితే ఇంటి మాట మాట్లాడే పిల్లలంతా వెనకబడ్డవాళ్ల జాబితాలోకి వెళతారు. ఏ లోపం ఎక్కువో అదే సాధన: ఒత్తులు మింగేవాడికి మళ్లీ అ నుంచి మొదలుపెట్టి అక్షరమాల దిద్దించడం కాలం వృథా.

నిమిషానికి ఇన్ని పదాలు అన్న కొలత గురించి కూడా. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు అందరికీ రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో 3వ తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్న లక్ష్యం ఉంది. తెలుగులో విభక్తులు, సంధులు మాటలోనే కలిసిపోవడం వల్ల పదాలు పొడుగ్గా ఉంటాయి, అందుకని ఈ సంఖ్యను పక్కవాడితో పోల్చడానికి కాక, అదే పిల్లవాడు అదే స్థాయి పేరాను గత నెల ఎంత చదివాడు, ఇప్పుడెంత అన్నదానికి వాడటం మేలు. చదివాక రెండు ప్రశ్నలు తప్పక అడగండి. గబగబా చదివి ఏమీ చెప్పలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

స్థాయిలు తెలిశాక జట్లు చేస్తారు కదా, నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. జూన్‌లో పడ్డ జట్టులో ఏప్రిల్ దాకా ఉంచేస్తే అది ముద్ర అయి కూర్చుంటుంది. మూడు నాలుగు వారాలకోసారి అదే పరీక్ష వేరే పేరాతో పెట్టి జట్లు మార్చాలి. తెలుగు జట్టు వేరు, లెక్కల జట్టు వేరు. కథ చదివే పిల్లవాడికి తీసివేత రాకపోవచ్చు. జట్లకు ఏ, బీ, సీ అని గానీ, ఇంకా ఘోరంగా "డల్ బ్యాచ్" అని గానీ పేర్లు పెట్టొద్దు. పిల్లలు ఆ మాటను ఇంటిదాకా మోసుకెళతారు. జట్టు పని కూడా రోజంతా కాదు, ఒక పీరియడ్ చాలు. మిగతా సమయంలో అందరూ కలిసే కూర్చోవాలి.

మన ప్రాంతంలో ఎవరూ సరిగా వాడుకోని సమాచారం హాజరు. నెలాఖరున శాతం కట్టి పంపేస్తాం. 78 శాతం అంటే ఏమీ తెలియదు, ఏ రోజులు పోయాయన్నది తెలియాలి. పశ్చిమ ప్రకాశం నుంచి మిరపకాయల కోతకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలు కదిలే రోజుల్లో పిల్లలు వారాల తరబడి కనిపించరు. పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) మండే నెలల్లో కందుకూరు, కొండపి, పొదిలి వైపు పెద్ద పిల్లలు రోజు విడిచి రోజు వస్తారు. నెల్లూరు తీరంలో నవంబరు, డిసెంబరు వానలకు బళ్లే మూతపడతాయి. ఏటా దాదాపు అవే నెలలు. గత రెండేళ్ల హాజరు పట్టీ తీసి చూస్తే, ఏ పాఠం ఏ గండంలో పడుతోందో ముందే కనిపిస్తుంది.

చేయాల్సింది చిన్న పని. హాజరు పట్టీలో తేదీల కింద పెన్సిలుతో ఆ రోజు చెప్పిన పాఠం ముక్క రాయండి: "భిన్నాలు, హారం వేరు" అన్నంత చాలు. పిల్లవాడు స్లిప్ టెస్టులో తప్పితే ముందు ఆ వరుస చూడండి. ఆరు పీరియడ్లలో నాలుగు బడిలోనే లేకపోతే వాడికి రాలేదనకూడదు, వాడికి చెప్పనే లేదు. అలాంటివాడిని రెమిడియల్ (వెనకబడ్డవాళ్లకు విడిగా చెప్పే) జట్టులో పడేసి మొదటినుంచి నూరిపోయనక్కర్లేదు, పోయిన ముక్క ఒక్కటి ఇద్దరు ముగ్గురిని కలిపి అరగంట చెబితే అందుకుంటాడు. రోజూ బడికొచ్చి అదే ప్రశ్న తప్పినవాడి సంగతి వేరు, వాడికి మీరు చెప్పిన పద్ధతే ఎక్కలేదు, ఇంకో పద్ధతి కావాలి. మార్కులు ఒకటే, కారణాలు రెండు; హాజరు పక్కన పెట్టుకోకపోతే ఈ తేడా ఎప్పటికీ తెలియదు. వలస వెళ్లే కుటుంబం తేదీ ముందే చెబితే, కీలకమైన పాఠాన్ని వారం ముందుకు జరపడం కూడా మీ చేతిలో పనే.

కంటి చూపు కూడా సమాచారమే. బోర్డు మీది 368ని 388 అని ఎక్కించుకుని, పుస్తకంలోంచి మాత్రం సరిగా దించుకునే పిల్లవాడికి లెక్క కాదు సమస్య. ముందు బెంచీకి మార్చి, బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చూపించండి.

జిల్లా స్థాయి సర్వేల గురించి రెండు మాటలు. పిల్లలకు ఎంత వచ్చో చూసే జాతీయ సర్వేలు ఇవి: 2021 నవంబరులో జరిగిన న్యాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) 3, 5, 8, 10 తరగతులకు, 2024 డిసెంబరులో దాని తర్వాత జరిగిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతులకు. రెండూ కొన్ని బళ్లలో కొందరు పిల్లలతో చేసిన నమూనా సర్వేలు. వాటిలో మీ బడి ఉండకపోవచ్చు, మీ పిల్లవాడు ఉండకపోవచ్చు. పైగా మధ్యలో 2022 ఏప్రిల్‌లో జిల్లాల సరిహద్దులు మారాయి. కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతిలోకి, చీరాల, పర్చూరు బాపట్లలోకి వెళ్లాయి. 2021 ప్రకాశం అంకెను 2024 ప్రకాశం అంకెతో పోల్చి "పెరిగాం, తగ్గాం" అనడానికి అసలు నేలే ఒకటి కాదు. వాటిని ఒక్కదానికి వాడండి: జిల్లాలో ఏ సామర్థ్యం బలహీనంగా ఉందని చెప్పారో చూసి, దానిమీద రెండు ప్రశ్నలు మీ తరగతికి వేసి, మీ దగ్గరా అంతేనా అని చూసుకోండి.

ఎదుగుదల కొలిచేటప్పుడూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. ఎఫ్ఏ-1 సగటు 12, ఎఫ్ఏ-2 సగటు 14 వస్తే పిల్లలు మెరుగయ్యారని రాసేస్తాం. పాఠాలు వేరు, ప్రశ్నల కష్టం వేరు. నిజంగా తెలియాలంటే పాత పాఠం నుంచి మూడు ప్రశ్నలను అంకెలు మార్చి ప్రతి పరీక్షలోనూ పెట్టండి. పై ఉదాహరణలో −3 − 4 మళ్లీ చెప్పాక, మూడు రోజులకు −2 − 5 ఇవ్వండి, మూడు వారాలకు −8 − 3 ఇవ్వండి. మూడు రోజులకు వచ్చి మూడు వారాలకు పోతే చెప్పడంలో లోపం లేదు, అభ్యాసం చాలలేదు. చిన్న తరగతుల్లో సగటును అసలు నమ్మకండి. 12 మందిలో అందరికీ 12 వస్తే సగటు 12. ఒక్కరు సున్నా తెచ్చుకుంటే చాలు, 11కి పడిపోతుంది. అక్కడ పేర్లే చూడాలి.

ఇదంతా ఏ ఒక్కరూ అన్ని సబ్జెక్టులకూ చేయలేరు. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు చూసే ప్రాథమిక పాఠశాలలైతే తెలుగు చదవడం, లెక్కలు ఈ రెండింటికే పరిమితం కావడం మంచిది. మీకు వారానికి రెండు మూడు రోజులు ఆఖరి ఐదు నిమిషాల చీటీలు, రెండు వారాలకో స్లిప్ టెస్టు పట్టిక, నెలకోసారి జట్ల మార్పు సరిపోతాయి. చీటీలకు, పట్టికకు కలిపి వారానికి గంటకు మించదు. ఏ పట్టికైనా నింపాక కింద "రేపు ఏం చేస్తాను" అని ఒక వరుస రాయండి. ఆ వరుస రాయడానికి ఏమీ తోచకపోతే, వచ్చే నెల నుంచి ఆ పట్టిక నింపడం మానేయండి. ఫోనులో స్ప్రెడ్‌షీట్ వచ్చినవాళ్లు వాడుకోవచ్చు గానీ, నోట్‌బుక్కులో చేత్తో రాసేటప్పుడే తప్పులు కంటికి ఆనతాయి.

మెగా పీటీఎంలో (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) తల్లిదండ్రులకు గ్రేడు చెప్పకండి. "మీ అమ్మాయి రెండంకెల తీసివేత చక్కగా చేస్తోందమ్మా, భాగహారం దగ్గర ఆగుతోంది. ఇంట్లో రోజూ రెండు లెక్కలు చేయించండి" అంటే చదువుకోని తల్లికి కూడా ఏం చేయాలో తెలుస్తుంది. మార్కుల జాబితా గోడకు అంటించే అలవాటు ఉంటే తీసేయండి. దాని బదులు పిల్లలకు వాళ్ల తప్పులను పేర్లు లేకుండా బోర్డు మీద రాసి, "ఇలా రాసినవాళ్లు ఏమనుకుని ఉంటారు?" అని అడగండి. కారణాలు పిల్లలే చెబుతారు, మీకు తట్టనివి కూడా.

ఇంకొకటి, కాంప్లెక్స్ మీటింగు (చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే సమావేశం). అక్కడికి సగటులు మోసుకెళితే ఏ బడి ముందు, ఏ బడి వెనక అన్న మాటే నడుస్తుంది, ఎవరూ నోరు విప్పరు. నాలుగైదు బళ్ల లెక్కల టీచర్లు ముందే మాట్లాడుకుని ఒకే తరగతికి ఒకే మూడు ప్రశ్నలు ఇచ్చి, పిల్లలు రాసిన తప్పు జవాబులు మాత్రమే పట్టుకురండి. −3 − 4 కి 7 రాసినవాళ్లు అన్ని బళ్లలోనూ సగం మంది ఉంటే, ఆ పాఠం చెప్పే తీరునే అందరూ కలిసి మార్చుకోవాలి. ఒక బడిలో ఇద్దరే ఉంటే, ఆ టీచరు ఎలా చెప్పారో అక్కడే బోర్డు దగ్గరికి పిలిచి చెప్పించుకోండి.